మూడు కిలోమీటర్ల మార్కెటింగ్: బెంగళూరులో చిన్న దుకాణానికి సోషల్ మీడియా ఎలా వాడుకోవాలి

సాయంత్రం ఏడు గంటలకు సిల్క్ బోర్డ్ కూడలి దాటుకుని ఎవరూ పప్పు, వేపుడు కొనుక్కోవడానికి రారు. మారతహళ్లిలో కర్రీ పాయింట్ నడిపేవారికి గిరాకీ అంతా మున్నేకొళాల, కుందలహళ్లి గేట్ చుట్టుపక్కలే ఉంటుంది. బీటీఎం లేఅవుట్‌లో మగ్గం వర్క్ చేసేవారి దగ్గరికి బ్లౌజు గుడ్డ ఇవ్వడానికి ఒకసారి, కొలతలు సరిచూసుకోవడానికి ఇంకోసారి రాగలిగినవారే వస్తారు. బెంగళూరు ట్రాఫిక్‌లో ఆ దూరం రెండు మూడు కిలోమీటర్లు, మహా అయితే అయిదు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే సోషల్ మీడియాలో ఏం చేయాలో, అంతకంటే ముఖ్యంగా ఏం చేయనక్కర్లేదో చాలావరకు తేలిపోతుంది.

ఇది టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు, ఇంట్లో పచ్చళ్లు, పొడులు చేసి అమ్మేవారు, టైలర్లు, బ్యూటీ పార్లర్లు, ట్యూషన్లు నడిపేవారి కోసం రాస్తున్నాను. వీళ్లకు మార్కెటింగ్ అంటూ వేరే మనిషి ఉండరు. గరిటె పట్టిన చేతితోనే ఫోను పట్టుకోవాలి. రోజుకు అరగంటకు మించి సమయం దొరకదు. ఆ అరగంట వృథా పోకూడదు. అందుకే వరుస ముఖ్యం: మొదట గూగుల్ మ్యాప్స్, తర్వాత వాట్సాప్, ఆ తర్వాత ఇన్‌స్టాగ్రామ్, డబ్బు పెట్టే ప్రకటనలు అన్నిటికంటే చివర. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరుస్తారు, గుంటూరులో బావమరిది, కర్నూలులో పిన్ని కూతురు లైకులు కొడతారు. అది అభిమానం. గల్లాపెట్టెలో పడేది మాత్రం పక్క వీధి అపార్ట్‌మెంట్‌లో ఉన్నవారి డబ్బే.

ఫోను పట్టుకునే ముందు ఒక నోటు పుస్తకం

ఒక వారం పాటు కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ ఒకే మాట అడగండి: "మా దుకాణం గురించి మీకు ఎలా తెలిసిందండీ?" జవాబు గల్లా పక్కన పెట్టుకున్న పుస్తకంలో ఒక ముక్కలో రాసుకోండి. బోర్డు చూసి, మ్యాప్స్‌లో, స్నేహితుడు చెప్పి, అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఇలా. దాని పక్కనే వారు వచ్చిన ఏరియా, వచ్చిన వేళ రాయండి.

ఏ దారిలో గిరాకీ ఇప్పటికే వస్తోందో ఈ పుస్తకమే చెబుతుంది. మారతహళ్లి లాంటి పీజీ హాస్టళ్లు ఎక్కువగా ఉన్న చోట ఎక్కువమంది మ్యాప్స్ చూసి వస్తారు. సర్జాపుర రోడ్డు వైపు పెద్ద అపార్ట్‌మెంట్ల దగ్గర వాట్సాప్ గ్రూపుల బలం ఎక్కువ. మీ వీధి సంగతి మీ పుస్తకం చెప్పాలి, ఇంకెవరూ చెప్పలేరు. ఈ అలవాటు వారంతో మానేయకండి, చివరి దాకా పనికొస్తుంది.

మొదటి అడుగు: గూగుల్ మ్యాప్స్‌లో మీ దుకాణం

పోస్టు చూసే మనిషి కాలక్షేపానికి చూస్తున్నాడు. మ్యాప్స్‌లో వెతికే మనిషి ఆకలితోనో, అవసరంతోనో వెతుకుతున్నాడు. అందుకే నా లెక్కలో మొదటి స్థానం దీనిదే. మ్యాప్స్‌లో మీ దుకాణం వివరాలు చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కు పైసా ఖర్చు లేదు. దీన్ని పెట్టిస్తామని డబ్బు అడిగేవారికి ఇవ్వాల్సిన అవసరమే లేదు.

ప్రొఫైల్‌ను మీ సొంత జీమెయిల్‌తో తెరవండి. చాలామంది దుకాణంలో పనిచేసే కుర్రాడి ఫోనులోనో, ఏజెంటు ఖాతాతోనో తెరిపిస్తారు. ఆ కుర్రాడు మానేశాక, ఏజెంటు ఫోను ఎత్తడం మానేశాక పేరు, ఫోను నంబరు, రివ్యూలు అన్నీ వేరొకరి చేతిలో ఉండిపోతాయి. సాయం తీసుకోవాలంటే వారిని మేనేజరుగా చేర్చండి, యజమాని హోదా మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయండి. పేరు పక్కన "బెస్ట్ ఆంధ్రా ఫుడ్ మారతహళ్లి" అని తోకలు తగిలించడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. ప్రొఫైల్‌నే నిలిపేసే ప్రమాదం ఉంది. చెప్పాలనుకున్నది చెప్పడానికి వేరే చోట్లు ఉన్నాయి: ప్రధాన కేటగిరీ ఒకటి, అదనంగా తొమ్మిది వరకు పెట్టుకోవచ్చు. వివరణకు 750 అక్షరాల చోటు ఉంటుంది.

ఆ వివరణలో బెంగళూరు జనం వెతికే మాటలు ఉండాలి. మనం మగ్గం వర్క్ అంటాం, ఇక్కడ చాలామంది ఆరీ వర్క్ అని వెతుకుతారు. మన పచ్చడి కన్నడవారికి ఉప్పినకాయి, మన కందిపొడి వారికి చట్నీపుడి. రెండు మాటలూ రాస్తే ఇద్దరికీ దొరుకుతారు. ఆంధ్రా భోజనానికి బెంగళూరులో కన్నడవారే పెద్ద అభిమానులు. ఈ ఊళ్లో ఆంధ్రా హోటళ్ల ముందు మధ్యాహ్నం నిలబడే వరుసలు చూసినవారికి ఆ సంగతి తెలుసు. తెలుగువారి కోసమే రాసుకుంటే సగం బేరం వదులుకున్నట్టే.

ఇక చిరునామా. 5వ క్రాస్, 2వ మెయిన్ అనేవి ఈ ఊళ్లో ప్రతి లేఅవుట్‌లోనూ ఉంటాయి. కాబట్టి అడ్రసుతో సరిపెట్టకుండా మ్యాప్ మీద గుర్తును వేలితో జరిపి సరిగ్గా మీ షట్టర్ మీద పెట్టండి. ఆ తర్వాత ఒక స్నేహితుణ్ని మెయిన్ రోడ్డు నుంచి మ్యాప్ చూసుకుంటూ రమ్మని పంపండి. అతను వెనక వీధిలోకి వెళ్లిపోయాడంటే గుర్తు తప్పు. డెలివరీ కుర్రాళ్లు రోజూ పడే తిప్పలు కూడా దీనితోనే తీరతాయి.

దుకాణం మీదేనని నిరూపించుకోవడానికి గూగుల్ తరచుగా వీడియో అడుగుతుంది. కత్తిరింపులు లేకుండా ఒకే వరుసలో తీయాలి: వీధి పేరున్న బోర్డు లేదా పక్క దుకాణాలు, మీ బోర్డు, మీరు తాళం తీసి షట్టర్ ఎత్తడం, లోపలి సామాను, గల్లా. ఉదయం దుకాణం తెరిచేటప్పుడు తీస్తే అన్నీ సహజంగా కుదురుతాయి. బోర్డు గురించి ఒక మాట. కర్ణాటకలో 2024లో తెచ్చిన సవరణ ప్రకారం నామఫలకంలో 60 శాతం కన్నడ ఉండాలి. చట్టం అలా ఉంచినా, ఇక్కడ బతుకుతున్నప్పుడు ఇక్కడి భాషకు పెద్దపీట వేయడం మన మర్యాద. ఎలాగూ ఆ బోర్డే మీ మొదటి ఫోటో. పగలు ఒకటి, రాత్రి దీపాలు వేశాక ఒకటి తీసి పెట్టండి. రాత్రి పూట వెతుక్కుంటూ వచ్చేవారికి రాత్రి ఫోటోయే గుర్తు.

ఇంటి నుంచి పచ్చళ్లు అమ్మేవారు ఇంటి చిరునామా అందరికీ చూపించనక్కర్లేదు. దాన్ని దాచి, సరఫరా చేసే ఏరియాలు మాత్రం చూపించే వీలుంది. ఆడవాళ్లు ఒంటరిగా నడిపే వ్యాపారమైతే ఇది తప్పకుండా చేయండి.

పనివేళలు నిజాయితీగా పెట్టండి. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా మూసేవారు ఆ విరామం కూడా చూపించాలి. తెరిచి ఉందని చూసి ఆటోకు డబ్బు పెట్టుకుని వచ్చినవారు మూసిన షట్టర్ చూస్తే మళ్లీ రారు, పైగా ఒక చుక్క (వన్ స్టార్) రివ్యూ రాసి పోతారు.

రివ్యూలు అడగడం, జవాబివ్వడం

దగ్గరలో ఏ దుకాణాన్ని ముందు చూపించాలో గూగుల్ మూడు విషయాలను బట్టి నిర్ణయిస్తుంది: వెతికినదానికి మీరు ఎంత సరిపోతారు, ఎంత దూరంలో ఉన్నారు, ఎంతగా పేరు పొందారు. దూరం మన చేతిలో లేదు. మూడోదానిలో రివ్యూల పాత్ర ఉంది.

అడగడానికి మొహమాటపడకండి. తిని బాగుందన్న మనిషిని అక్కడికక్కడే అడగాలి. "సార్, రుచి నచ్చితే మ్యాప్స్‌లో రెండు మాటలు రాయండి, మాలాంటి చిన్నవాళ్లకు చాలా మేలు చేసినవారవుతారు" అంటే చాలు. ప్రొఫైల్‌లో రివ్యూ లింకు, క్యూఆర్ కోడ్ దొరుకుతాయి. దాన్ని ముద్రించి గల్లా పక్కన అంటించండి. డబ్బులు చెల్లించే క్యూఆర్ పక్కనే పెట్టకండి, రెండూ కలిసిపోయి జనం తికమకపడతారు.

రివ్యూ రాస్తే గులాబ్ జామూన్ ఉచితం, పది శాతం తగ్గింపు లాంటివి పెట్టకూడదు. రివ్యూకు బదులుగా ఏది ఇచ్చినా గూగుల్ విధానానికి విరుద్ధమే. వంద రివ్యూలు ఇంత ధర అని అమ్మేవారి జోలికి అసలు పోవద్దు. ఒక్క రోజులో ముప్పై రివ్యూలు, అన్నీ అయిదు చుక్కలవే, రాసినవారి పేర్లన్నీ ఎక్కడెక్కడివో ఉంటే మీ వీధివారికే అనుమానం వస్తుంది. వీధివారి నమ్మకం పోతే చిన్న దుకాణానికి మిగిలేది ఏమీ లేదు.

చెడ్డ రివ్యూ వచ్చినప్పుడు రక్తం మరుగుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వండితే ఎవరో రెండు ముక్కల్లో తీసిపారేస్తారు. అయినా ఆ పూట జవాబు రాయకండి, మర్నాడు రాయండి. మీ జవాబు, ఆ రివ్యూ రాసిన మనిషికంటే రేపు చదవబోయే వందమందికి ముఖ్యం. ఇలా ఉంటే సరిపోతుంది: "నిన్న సాంబారులో ఉప్పు ఎక్కువైనందుకు క్షమించండి. వంట చేసేవారితో మాట్లాడాం. మళ్లీ వచ్చినప్పుడు నన్ను అడగండి, నేనే దగ్గరుండి చూసుకుంటాను." వారు కన్నడలో రాస్తే కన్నడలో, ఇంగ్లిష్‌లో రాస్తే ఇంగ్లిష్‌లో జవాబివ్వండి. రాయడం రాకపోతే పక్క దుకాణం వారిని అడగండి, సంతోషంగా రాసిస్తారు.

రెండో అడుగు: వాట్సాప్ బిజినెస్

మామూలు వాట్సాప్‌తో నెట్టుకొస్తున్నవారు వాట్సాప్ బిజినెస్ యాప్‌కు మారండి. ఇదీ ఉచితమే. దుకాణానికి వేరే నంబరు ఉంటే మంచిది. ల్యాండ్‌లైన్ నంబరుతో కూడా నడుస్తుంది. సొంత నంబరునే వాడితే రాత్రి పదకొండుకు "గోంగూర ఉందా" అని వచ్చే సందేశాలు, అమ్మ నుంచి వచ్చే సందేశాలు ఒకే చోట కలిసిపోతాయి.

మొదటి రోజే మూడు పనులు చేయండి. పనివేళలు, చిరునామా, మ్యాప్ లింకు నింపండి. దుకాణం మూసి ఉన్నప్పుడు దానంతటదే వెళ్లే సందేశం పెట్టండి: "నమస్కారం. ఇప్పుడు దుకాణం మూసి ఉంది. ఉదయం 8 గంటలకు జవాబిస్తాం. ఆర్డరు ఇక్కడే రాసి ఉంచండి." మూడోది, రోజూ పదిసార్లు టైపు చేసే జవాబులను క్విక్ రిప్లైలుగా దాచుకోండి. ధరల పట్టిక, డెలివరీ ఏరియాలు, చెల్లింపు వివరాలు ఒక్క నొక్కుతో వెళ్లిపోవాలి.

క్యాటలాగ్‌లో 500 దాకా వస్తువులు పెట్టుకోవచ్చు కానీ అంత అవసరం లేదు. పచ్చళ్లవారికి పదిహేను, టైలరుకు పది డిజైన్లు చాలు. ప్రతిదానికీ ధర రాయండి. "ధర కోసం మెసేజ్ చేయండి" అనే అలవాటు చిన్న వ్యాపారాన్ని దెబ్బతీస్తుంది. అడగడానికి మొహమాటపడేవారు అడగకుండానే వెళ్లిపోతారు. ధర ఒక్కటే చెప్పలేని మగ్గం వర్క్ లాంటి పనికి కూడా "1,500 రూపాయల నుంచి మొదలు, పని బట్టి పెరుగుతుంది" అని మీ కనీస ధర చెప్పవచ్చు.

అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ విషయంలో చాలామందికి ఒక సంగతి తెలియదు. ఒక్కో జాబితాలో 256 మందిని చేర్చవచ్చు కానీ, మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం అందుతుంది. కాబట్టి మొదటి ఆర్డరు ఇచ్చేటప్పుడే "మా నంబరు దాచుకోండి, రోజూ ఏం వండామో స్టేటస్‌లో పెడతాం" అని చెప్పాలి. అడగకుండా ఎవరినీ జాబితాలో చేర్చకండి. వద్దన్నవారిని వెంటనే తీసేయండి. ఎక్కువమంది మిమ్మల్ని బ్లాక్ చేస్తే వాట్సాప్ మీ నంబరునే ఆపేయవచ్చు, దానితో పాటు ఆర్డర్లూ ఆగిపోతాయి.

నా అనుభవంలో కర్రీ పాయింట్‌కు స్టేటస్‌ను మించిన సాధనం లేదు. ఎవరినీ విసిగించదు, కావలసినవారే చూస్తారు. వేళ మాత్రం కచ్చితంగా ఉండాలి. మధ్యాహ్నం భోజనం గురించి పదకొండు గంటలకు, రాత్రి కూరల గురించి సాయంత్రం ఆరింటికి. ఎనిమిదిన్నరకు పెడితే అప్పటికే వాళ్లు వేరే యాప్‌లో ఆర్డరు చేసేసి ఉంటారు. "ఈ రోజు: దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, గోంగూర చికెన్, ఉలవచారు. ఎనిమిది గంటల నుంచి సిద్ధం." ఒక ఫోటో, ఈ రెండు వరుసలు. అంతకుమించి అలంకారం అక్కర్లేదు.

అపార్ట్‌మెంట్ గ్రూపులు బంగారం లాంటి చోట్లు, కానీ వాటిలోకి తలుపు తట్టి వెళ్లాలి. అడ్మిన్‌ను ముందే అడగండి. చాలా గ్రూపుల్లో వారానికి ఒక రోజు అమ్మకాల సందేశాలకు అనుమతిస్తారు. అక్కడ నివసించే మీ కస్టమరు తానే "వీళ్ల ఆవకాయ తిన్నాం, బాగుంది" అని రాస్తే మీరు రాసిన పది సందేశాలకంటే ఎక్కువ పనిచేస్తుంది. వారాంతాల్లో అపార్ట్‌మెంట్లలో స్టాళ్లు పెట్టనిస్తారు. అక్కడ అమ్మకంతో పాటు నంబర్లు దాచుకోమని అడగడం మరిచిపోకండి.

మూడో అడుగు: ఇన్‌స్టాగ్రామ్‌లో పని చూపించడం

మ్యాప్స్, వాట్సాప్ ఒక దారికి వచ్చాకే ఇటు రండి. రీల్ చూసి ఎవరైనా మెసేజ్ చేస్తే జవాబిచ్చే ఏర్పాటు అప్పటికే ఉండాలి కదా.

రీల్‌లో డాన్సు చేయాల్సిన పని లేదు. మీ చేతిపనే చూడదగ్గది. మామిడికాయను కత్తిపీట మీద టెంకతో సహా కొట్టే చప్పుడు, ఆవపిండి, కారం, ఉప్పు కలిసిన గుట్ట మీద నువ్వులనూనె పోయడం, జాడీ మూతికి గుడ్డ కట్టడం, వీటిని సిటీలో పుట్టిన పిల్లలు ఎప్పుడూ చూడలేదు. ఊరు విడిచి వచ్చిన పెద్దలు చూసి చాలా కాలమైంది. ఇద్దరూ ఆగి చూస్తారు. మగ్గం మీద జర్దోసీ తీగ ఎక్కే తీరు, ఒక నెమలి బొమ్మ ఖాళీ గుడ్డ నుంచి పూర్తయ్యే దాకా, ముప్పై సెకన్లలో చూపిస్తే ధర ఎందుకంత అని అడిగేవారు తగ్గిపోతారు. ఒక బ్లౌజుకు ఎన్ని గంటలు పట్టిందో స్పష్టంగా చెప్పండి. మీ శ్రమను మీరే చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు?

తీసే పద్ధతి సులువే. ఫోను నిలువుగా పట్టుకోండి. వంటగదిలో నూనె, ఆవిరి పట్టిన లెన్సును మెత్తటి గుడ్డతో తుడవండి, సగం వీడియోలు మసకగా రావడానికి కారణం అదే. కిటికీ వెలుతురు వస్తువు మీద పడేలా నిలబడండి. మొదటి రెండు సెకన్లలోనే చూడదగ్గది కనిపించాలి. దుకాణం పేరుతో మొదలుపెడితే వేలు పైకి జరిగిపోతుంది. ఆఫీసులో, బస్సులో శబ్దం లేకుండా చూసేవారు చాలామంది, కాబట్టి వంటకం పేరు, ధర, ఏరియా తెర మీద అక్షరాల్లో ఉండాలి.

ఏ భాషలో? బెంగళూరులో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం కన్నడలో చదువుకున్నారు. నిన్నమొన్న వచ్చిన ఐటీ ఉద్యోగులకు తెలుగు చదవడం వచ్చు. పక్కింటి వారు కన్నడిగులో, తమిళులో, ఉత్తరాది వారో అయి ఉంటారు. కాబట్టి గొంతు తెలుగులో, తెర మీద రాత కన్నడలోనూ ఇంగ్లిష్‌లోనూ ఉండటం ఇక్కడ బాగా కుదురుతుంది. "మనెయల్లే మాడిద ఆంధ్ర ఉప్పినకాయి" (ఇంట్లోనే చేసిన ఆంధ్రా పచ్చడి) అన్న ఒక్క వరుస కన్నడ లిపిలో వేసి చూడండి, కామెంట్లు మారిపోతాయి. నవంబర్ 1 కన్నడ రాజ్యోత్సవానికి, గౌరీ గణేశ పండుగకు శుభాకాంక్షలు మనస్ఫూర్తిగా చెప్పండి.

బిజినెస్ ఖాతాలకు సినిమా పాటలన్నీ అందుబాటులో ఉండవు. వ్యాపారానికి వాడుకునే హక్కులు వేరు. వేరే దారిలో పాట పెట్టినా వీడియోలో శబ్దాన్ని తీసేసే అవకాశం ఉంది. తాలింపు చిటపటలు, రోటి చప్పుడు ఎలాగూ పాటకంటే బాగుంటాయి. ఇంటర్నెట్‌లో దొరికిన బిర్యానీ ఫోటో మీదని పెట్టకండి. కస్టమర్ల ముఖాలు, ముఖ్యంగా పిల్లల ముఖాలు, అడగకుండా పెట్టవద్దు.

వారానికి రెండు మూడు పోస్టులు చాలు. ప్రతి పోస్టుకూ మీ ఏరియా లొకేషన్ జోడించండి. బెంగళూరు అని కాకుండా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, రామమూర్తి నగర్ అని పెట్టాలి.

తినే వస్తువులు అమ్మేవారికి మరో జాగ్రత్త. ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ) నమోదు ఉండాలి. ఆ 14 అంకెల సంఖ్యను డబ్బా మీద వేయండి, ప్రొఫైల్‌లోనూ పెట్టండి, నమ్మకం పెరుగుతుంది. "ఈ పొడి తింటే షుగరు తగ్గుతుంది" లాంటి మాటలు రాయకండి. జబ్బు నయం చేస్తుందని ఆహారాన్ని ప్రచారం చేయడం చట్టవిరుద్ధం. మధుమేహం ఉన్నవారు ఆ మాట నమ్మి మందు మానేస్తే జరిగే హాని మనం పూడ్చలేనిది.

పండుగల లెక్క ముందే వేసుకోండి

ఆవకాయ సీజను ఏప్రిల్, మే. కానీ దాని గురించి ఉగాది నాడే మాట్లాడటం మొదలుపెట్టాలి. ఉగాది మనకూ కన్నడవారికీ ఒకే రోజు, బెంగళూరులో అంతకంటే మంచి సందర్భం ఉండదు. ముందస్తు ఆర్డర్లకు సగం డబ్బు తీసుకుంటే కాయ ఎంత కొనాలో తెలుస్తుంది.

మగ్గం వర్క్ వారికి వరలక్ష్మీ వ్రతం పెద్ద పరీక్ష. శ్రావణ మాసం దగ్గర పడ్డాక అందరూ ఒకేసారి వస్తారు. "వ్రతానికి కావాలంటే ఫలానా తేదీలోపు గుడ్డ ఇవ్వాలి" అని నెల ముందు నుంచే స్టేటస్‌లో చెప్పండి. ఆ తేదీ తర్వాత ఎంత ఆశ పెట్టినా ఒప్పుకోకండి. వ్రతం నాటికి బ్లౌజు అందకపోతే కలిగే బాధను ఏ తగ్గింపూ తీర్చదు.

సంక్రాంతికి తెలుగువారు ఊళ్లకు వెళ్లిపోతారు, పీజీలు ఖాళీ అవుతాయి. ఆ నాలుగు రోజులు మూసేట్లయితే మ్యాప్స్‌లో ప్రత్యేక పనివేళలు పెట్టండి. ఉండిపోయినవారికి అరిసెలు, సకినాలు అమ్మేవారికి మాత్రం అది మంచి బేరం.

నాలుగో అడుగు: డబ్బు పెట్టే ప్రకటన

మీ ఇన్‌స్టాగ్రామ్ పోస్టుల్లో, చూసి నలుగురూ తమంతట తామే మెసేజ్ చేసినది ఏదో చూడండి. దానికే డబ్బు పెట్టండి. పడిపోయిన పోస్టును డబ్బుతో లేపాలని చూడటం దండగ.

మ్యాప్ మీద మీ దుకాణం దగ్గర గుర్తు పెట్టి మూడు నుంచి అయిదు కిలోమీటర్ల వలయం ఎంచుకోండి. బెంగళూరు మొత్తం అని పెడితే డబ్బు యలహంక నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా చెదిరిపోతుంది. నొక్కగానే వాట్సాప్ తెరుచుకునే రకం ప్రకటన చిన్న దుకాణానికి సరైనది, లైకుల కోసం పెట్టే ప్రకటన కాదు. రోజుకు 150 లేదా 200 రూపాయలతో అయిదారు రోజులు చాలు. దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుందని లెక్కలో వేసుకోండి.

తర్వాత లెక్క చూడండి. ఉదాహరణకు 1,000 రూపాయల ప్రకటన, పన్నుతో 1,180 అయింది. దాని వల్ల పది కొత్త ఆర్డర్లు వచ్చాయనుకుందాం. ఒక్కో కస్టమరుకు 118 పడింది. కిలో పచ్చడి మీద మీకు మిగిలేది 150 అయితే పరవాలేదు, వాళ్లు మళ్లీ వస్తే లాభమే. 60 రూపాయల కూర మీద మిగిలేది 15 అయితే, ఆ మనిషి ఎనిమిదిసార్లు వస్తే గానీ ఖర్చు తీరదు. రోజూ తినే పీజీ కుర్రాడైతే ఎనిమిది రోజుల్లో తీరుతుంది, దారిన పోయేవాడైతే ఎప్పటికీ తీరదు. నెలవారీ భోజనం పథకానికి ప్రకటన ఇవ్వడం, ఒక్క పూట కూరకు ఇవ్వకపోవడం అందుకే మేలు.

పచ్చళ్లు, పొడులు కొరియర్‌లో పంపగలిగినవారికి మాత్రం మూడు కిలోమీటర్ల హద్దు లేదు. అయినా మొదట దగ్గరివారికి అమ్మి, సీసా కారకుండా ప్యాకింగ్ కుదిరాకే దూరానికి వెళ్లండి.

ఫుడ్ బ్లాగర్లను పిలవాలనుకుంటే లక్షల ఫాలోయర్లు ఉన్నవారికంటే మీ ఏరియాలోనే తిరిగి తినేవారిని వెతకండి. డబ్బు గానీ ఉచిత భోజనం గానీ ఇస్తే ఆ సంగతి వీడియోలో చెప్పాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో విడుదల చేసిన మార్గదర్శకాలు అదే చెబుతున్నాయి.

మోసాల నుంచి కాపు

కనబడటం మొదలైతే మోసగాళ్లకూ కనబడతారు. బాగా నడుస్తున్న మోసం ఇది: సైన్యంలో అధికారినని ఫోను చేసి, యాభై మందికి భోజనం కావాలంటారు. వండటం మొదలుపెట్టాక "డబ్బు పంపడానికి ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ డబ్బు పోతోందని అర్థం. ఈ మాట దుకాణంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ నేర్పండి. పెద్ద ఆర్డరుకు ముందుగా కొంత డబ్బు ఖాతాలో పడితేనే పొయ్యి వెలిగించండి. చెల్లించినట్టు చూపే స్క్రీన్‌షాట్‌ను నమ్మకండి, మీ ఖాతాలో చూసుకోండి.

మీ పేజీ నిబంధనలు ఉల్లంఘించింది, ఈ లింకు నొక్కండి అని వచ్చే సందేశాలు చాలావరకు పాస్‌వర్డ్ దొంగిలించేవే. వాట్సాప్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ రెండంచెల ధ్రువీకరణ (లాగిన్‌కు మరో పిన్ లేదా కోడ్ కూడా అడిగే ఏర్పాటు) ఈ రోజే పెట్టుకోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

నెలాఖరున పుస్తకం తీయండి

గూగుల్ ప్రొఫైల్‌లో ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎంతమంది దారి అడిగారు అన్నది కనిపిస్తుంది. దాన్ని, మీ నోటు పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. రీల్స్‌కు నెలంతా వెచ్చించిన గంటల వల్ల వచ్చినవారు ఇద్దరే, మ్యాప్స్ వల్ల ముప్పై మంది అయితే, రీల్స్ తగ్గించి మ్యాప్స్‌లో కొత్త ఫోటోలు పెట్టండి. పార్లర్, మగ్గం వర్క్ వారికి ఇది తిరగబడే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అక్కడ కళ్లతో చూశాకే బేరం.

అమ్మకాలు పెరిగినప్పుడు డబ్బు లెక్కలూ సరిచేసుకోవాలి. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లావాదేవీలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు ఇచ్చినప్పుడు బెంగళూరులో ఎన్నో దుకాణాల ముందు నగదు మాత్రమే అన్న కాగితాలు వెలిశాయి. ఆ భయం పడకుండా ఉండాలంటే ఇంటి డబ్బుకు, దుకాణం డబ్బుకు వేర్వేరు ఖాతాలు పెట్టుకోండి. సరుకుల అమ్మకం ఏటా 40 లక్షలు, సేవలు 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు అవసరం. భోజనం అమ్మేవారు సేవల కిందికి వస్తారు. ఆ అంకెకు దగ్గరవుతుంటే ఆడిటరును కలవండి.

చేయగలిగినంత కంటే ఎక్కువ ఆర్డర్లు వచ్చే రోజులూ ఉంటాయి. అప్పుడు ప్రకటన ఆపేయండి, అయిపోయిన వస్తువును క్యాటలాగ్‌లో దాచేయండి, "ఈ రోజు గోంగూర చికెన్ అయిపోయింది, రేపు మధ్యాహ్నం మళ్లీ ఉంటుంది" అని స్టేటస్ పెట్టండి. రుచి తగ్గించి అందరికీ సర్దడానికి నీళ్లు కలపకండి. రేపటికి కావాలని అడిగినవారి పేర్లు పుస్తకంలో రాసుకుని, వండగానే ముందు వాళ్లకే మెసేజ్ చేయండి.